మా అబ్బాయి ఫైర్ బ్రిగేడ్ బ్యాడ్జీల వెంట పడ్డాడు, కెరీర్‌కి పనికొస్తాయా?

ప్రశ్న: మేం జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర చిన్న ఊళ్లో ఉంటాం. అబ్బాయికి 13 ఏళ్లు, గిమ్నాజియంలో ఎనిమిదో తరగతి. క్లాస్‌మేట్‌తో కలిసి ఊరి యూగెండ్‌ఫోయర్‌వేర్‌లో, అంటే పిల్లల ఫైర్ బ్రిగేడ్‌లో చేరాడు. ఇప్పుడు రెండో బ్యాడ్జీ అంటూ ఇంట్లో తాళ్లు పట్టుకుని ముడులు వేస్తూ కూర్చుంటున్నాడు. మావారేమో "మంటల దగ్గరికి పంపడానికా ఇంత దూరం వచ్చింది, ఆ టైమ్‌లో మ్యాథ్స్ చేసుకోవచ్చుగా" అంటున్నారు. ఈ బ్యాడ్జీలు రేపు సీటుకో ఉద్యోగానికో పనికొస్తాయా? నిజంగానే ఫైర్‌మ్యాన్ అవుతానంటే మాకు ఇండియన్ పాస్‌పోర్టులు, కుదురుతుందా?

జవాబు: అమ్మా, మాన్పించకండి.

ముందు మీవారి టెన్షన్ సంగతి. పిల్లల దళంలో ఉన్నవాళ్లని మంటల దగ్గరికి పంపరు. సైరన్ మోగినప్పుడు వెళ్లేది పెద్దల దళం. అందులోకి ఏ వయసులో తీసుకుంటారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆక్సిజన్ సెట్‌లా వీపుకి కట్టుకునే శ్వాస పరికరంతో పొగలోకి వెళ్లాలంటే మాత్రం 18 నిండాలి, విడిగా మెడికల్ టెస్ట్ కూడా పాసవ్వాలి. ప్రాక్టీసులో దెబ్బ తగిలితే ప్రభుత్వ ప్రమాద బీమా ఉంటుంది.

ఇక్కడి పద్ధతి మనకి కొత్త కాబట్టి కొంచెం చెప్పాలి. మన దగ్గర ఫైర్ స్టేషన్ అంటే ప్రభుత్వ ఉద్యోగులు. జర్మనీలో జీతం తీసుకునే దళాలు పెద్ద నగరాల్లోనే, వందకి కాస్త పైన ఉంటాయి, మిగతా దేశమంతా సుమారు పది లక్షల మంది వాలంటీర్ల మీద నడుస్తుంది. మీ వీధిలో ప్లంబరో, స్కూల్ టీచరో పేజర్ మోగగానే పని వదిలి పరుగెత్తుతారు, యజమాని జీతం కోయకూడదని చట్టం ఉంది. ఆ పెద్దల దళానికి రేపు మనుషులు రావాల్సింది మీ అబ్బాయి ఉన్న దళాల నుంచే. వాటి జాతీయ సంస్థ 1964 నుంచి ఉంది. అందుకే అక్కడ శిక్షణని ఆటవిడుపుగా తీసుకోరు.

మీవాడు చేస్తున్న బ్యాడ్జీ పేరు యూగెండ్‌ఫ్లామె, మూడు మెట్లు. మొదటి మెట్టులో 112కి ఫోన్ చేసి ఏం చెప్పాలో నేర్పుతారు: ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఎలాంటి గాయాలు, ఆ తర్వాత అవతలివాళ్లు అడిగేదాకా ఫోన్ పెట్టకుండా ఆగడం. చదివితే ఇంతేనా అనిపిస్తుంది, పన్నెండేళ్ల పిల్లాడు గొంతు వణక్కుండా జర్మన్‌లో ఆ వరుస చెప్పడం చూస్తే అనిపించదు. ముడులు, పరికరాల పేర్లు, గొట్టం చుట్టడం కూడా అందులోనే. పదిహేను మీటర్ల గొట్టాన్ని మధ్యకి మడిచి చుడతారు, రెండు కొసల కప్లింగులూ బయటికే ఉండాలి, లేకపోతే అవసరానికి విసిరినప్పుడు అది సరిగ్గా పరుచుకోదు. పై మెట్లకి వెళ్లేకొద్దీ పంపు, నీటి లైను, ప్రథమ చికిత్స వస్తాయి.

అసలైనది లైస్టుంగ్స్‌ష్పాంగె. 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకి, ఆ జాతీయ సంస్థ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద బ్యాడ్జీ. తొమ్మిది మంది జట్టుగా వెళ్లాలి. ఎనిమిది గొట్టాలు కలిపి 120 మీటర్ల లైను 75 సెకన్లలో మెలిక పడకుండా వేయాలి, 1500 మీటర్ల రిలే 4 నిమిషాల 10 సెకన్లలో ముగించాలి, తొమ్మిది మంది విసిరిన షాట్‌పుట్ దూరాలు కలిపితే 55 మీటర్లు రావాలి, ఇంకా మంట ఆర్పే పూర్తి డ్రిల్, ప్రశ్నలకి జవాబులు. పాసైతే తొమ్మిది మందీ పాస్, లేదంటే ఎవరికీ రాదు. బాగా పరుగెత్తేవాడు నెమ్మదిగా పరుగెత్తేవాడి కోసం కూడా పరుగెత్తాలి. క్లాసులో ర్యాంకు కోసం ఒంటరిగా చదువుకునే మన పిల్లలకి ఈ అనుభవం నేను ఏ కోచింగ్‌లోనూ చూడలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీరు అడిగింది. ఈ బ్యాడ్జీలకి యూనివర్సిటీ మార్కులు కలపదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. లాభం వేరే దారుల్లో వస్తుంది. నెలకి 300 యూరోలిచ్చే డాయిచ్‌లాండ్ స్టిపెండియం అనే స్కాలర్‌షిప్‌కి మార్కులతో పాటు సామాజిక సేవ కూడా చూస్తారు. ఔస్‌బిల్డుంగ్, అంటే పని చేస్తూ వృత్తి నేర్చుకునే కోర్సు, దాని ఇంటర్వ్యూలో బ్యాడ్జీ పేరు కన్నా, ఐదేళ్లు ఒకే దళంలో నిలబడ్డాడన్న మాటకే బరువుంటుంది. కాబట్టి బ్యాడ్జీల లెక్క కన్నా వాడు మధ్యలో వదిలేయకుండా పెద్దల దళంలోకి వెళ్లడం ముఖ్యం. అక్కడ ట్రుప్‌మన్ అనే ప్రాథమిక శిక్షణ ఉంటుంది, వాలంటీర్ ఫైర్‌మ్యాన్‌గా పనిచేయడానికి అర్హత ఇచ్చేది అదే. ఇండియాకి తిరిగొస్తే మాత్రం వీటికి గుర్తింపు లేదు. నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ చదవాలన్నా అందరిలాగే అడ్మిషన్‌కి పోటీపడాలి.

ఉద్యోగంగా ఎంచుకుంటే రెండు దారులు. నగరాల వృత్తి దళాల్లో చేరేవాళ్లు సాధారణంగా ప్రభుత్వ అధికారి హోదాలో ఉంటారు, దానికి జర్మన్ లేదా ఈయూ పౌరసత్వం కావాలి. చాలాచోట్ల ముందుగా ఏదో ఒక పని, ఎలక్ట్రీషియనో మెకానిక్కో, నేర్చుకుని రావాలంటారు. రెండోది కంపెనీల సొంత దళాలు, పెద్ద రసాయన కర్మాగారాల్లోనూ విమానాశ్రయాల్లోనూ ఉంటాయి. అక్కడ వెర్క్‌ఫోయర్‌వేర్‌మన్ అని మూడేళ్ల ఔస్‌బిల్డుంగ్ ఉంది, అది కంపెనీ ఉద్యోగం కాబట్టి అధికారి హోదా గొడవ ఉండదు. ఆబిటూర్, అంటే గిమ్నాజియం చివరి పరీక్ష, బాగా వస్తే మాగ్డెబుర్గ్ నగరంలో భద్రత, విపత్తు నివారణ మీద డిగ్రీ కూడా ఉంది, చదువు పోతుందని బెంగపడే మీవారికి ఇది చూపించండి. వాలంటీర్‌గా ఉండటానికి ఏ పాస్‌పోర్టైనా ఫర్వాలేదు.

ఈ వారం వాడిని దింపడానికి మీవారినే పంపండి, ప్రాక్టీసు అయ్యేదాకా ఉండమనండి. అక్కడి యూగెండ్‌వార్ట్‌ని, అంటే పిల్లల దళం చూసుకునే ఇన్‌ఛార్జిని, రెండు విషయాలు అడగాలి: మీ రాష్ట్రంలో పెద్దల దళంలోకి ఏ వయసులో తీసుకుంటారు, లైస్టుంగ్స్‌ష్పాంగె ప్రాక్టీసులు పరీక్షల నెలల్లో పడతాయా. మ్యాథ్స్‌కి వారంలో ఇంకా ఆరు సాయంత్రాలున్నాయి. పౌరసత్వం మాత్రం వాయిదా వేయొద్దు. 2024 జూన్ నుంచి ఐదేళ్ల నివాసం తర్వాత అప్లై చేయొచ్చు, జర్మనీ రెండు పాస్‌పోర్టులు ఒప్పుకున్నా ఇండియా ఒప్పుకోదు, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. అది వాడొక్కడే తేల్చుకునే విషయం కాదు, వాడికి 16 వచ్చేలోపు ఇంట్లో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.