లేస్తారని నమ్మేవాళ్ళు సమాధి దగ్గర ఎందుకు ఏడుస్తారు?

ఇక్కడ అడిగిన ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. క్రైస్తవులకు యేసు పుట్టిన క్రిస్మస్ కంటే, ఆయన చనిపోయి లేచిన ఈస్టరే పెద్దదంటారు, ఎందుకు అన్నది ఒకటి. చనిపోయినవాళ్ళు లేస్తారని నిజంగా నమ్మితే సమాధి దగ్గర అంతలా ఎందుకు ఏడుస్తారు అన్నది రెండోది. రెండోది కాస్త వెటకారంగా అడిగినట్టుంది. అయినా నాకు అదే అసలు ప్రశ్న అనిపించింది. నేను పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీ మొహం చూడలేదు. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలువ గట్టు మీది ఒక పేటలో పుట్టి, నాలుగు తరాలుగా గుడికి వెళ్తున్న ఇంటి పిల్లని. మా వైపు చర్చిని గుడి అనే అంటాం.

ముందు మాటల గందరగోళం ఒకటి తీర్చేస్తాను. ఆఫీసులో నా పక్క సీటావిడ పునరుత్థానం, పునర్జన్మ ఒకటే అనుకునేది. పునర్జన్మలో ఆత్మ ఈ ఒంటిని వదిలి ఇంకో ఒంట్లోకి పోతుంది. మేం చెప్పేది వేరు. ఆత్మ దేవుడి దగ్గరికి వెళ్ళిపోతుంది, అంతటితో సరి అనుకునే విశ్వాసులు కూడా చాలామంది ఉన్నారు గానీ, అది సగం సంగతే. పాతిపెట్టిన ఆ మనిషే, ఒంటితో సహా లేస్తాడు, ఆ ఒంటికి ఇక చావుండదు. ఇదీ నమ్మకం. చనిపోయిన లాజరును యేసు సమాధిలోంచి బయటికి పిలిచాడు, నిజమే, కానీ లాజరు తర్వాత ఎప్పుడో మళ్ళీ చనిపోవాల్సినవాడే. యేసు లేవడం అలాంటిది కాదు. మళ్ళీ చావుకు దొరకని విధంగా లేచాడు. అలాగని నీడలాగా, గాలిలాగా కూడా కాదు. శిష్యులు భూతాన్ని చూశామనుకుని హడలిపోతుంటే, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్ళు ఇచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్ళ ఎదుటే తిన్నాడని బైబిల్‌లో లూకా రాశాడు. గోదావరి వాళ్ళకు ఈ కథలో బాగా నచ్చే చోటు ఇదే. దెయ్యమైతే చేప అడగదు కదా!

ఇక క్రిస్మస్, ఈస్టర్ సంగతి. బైబిల్‌లో యేసు జీవితం చెప్పే పుస్తకాలు, అంటే సువార్తలు, నాలుగున్నాయి. అందులో మార్కు, యోహాను యేసు పుట్టిన కథే చెప్పరు. ఖాళీ సమాధి మాత్రం నాలుగింటిలోనూ ఉంది. తొలి సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు అయితే కొరింథువాళ్ళకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఉన్నదంతా ఒకే చోట పణంగా పెట్టేశాడు: "క్రీస్తు లేపబడని యెడల మీ విశ్వాసము వ్యర్థమే." సిలువ తర్వాత పాతికేళ్ళు తిరక్కముందే రాసిన మాట అది. లేచిన యేసును ఒకేసారి ఐదు వందల మందికి పైగా చూశారు, వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా అక్కడే రాశాడు. అంటే, కావాలంటే వెళ్ళి అడగండి అన్నట్టే. యూదులు శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, ఆ యూదుల్లోంచే వచ్చిన తొలి విశ్వాసులు ఆదివారం కూడుకోవడం మొదలుపెట్టారంటే దానికి మూలం ఆ ఆదివారం తెల్లవారుజామే.

పాపక్షమాపణకూ దీనికీ ఉన్న సంబంధాన్ని మా మామ్మ ప్రోనోటుతో చెప్పేది. అప్పు కట్టేశాం అని మనం ఎంత చెప్పుకున్నా, షావుకారు ఆ కాగితాన్ని చించి చేతిలో పెట్టేదాకా నిద్ర పట్టదు. సిలువ మీద అప్పు తీరింది, సమాధి తెరుచుకోవడం ఆ చింపిన కాగితం చేతికి రావడం. ఆవిడకి ప్రోనోట్ల అనుభవం బోలెడు కాబట్టి నేను వాదించలేదు.

ఇక్కడిదాకా ఏ పాస్టర్‌గారిని అడిగినా చెప్తారు. నాకు ఇది ఒంటికి పట్టింది మాత్రం మా తాత వల్ల.

తాత చిన్నప్పటి నుంచీ కామందుల దగ్గర పాలేరు. తర్వాత కౌలుకి ఎకరం చేసుకున్నాడు. చివరి ఆరు నెలలు మంచంలోనే ఉన్నాడు. శనివారం శనివారం కాకినాడ నుంచి వచ్చి నేనే గోళ్ళు తీసేదాన్ని. ఎడమ చేతి చిటికెన వేలి మీద కొడవలి గాటు ఉండేది, ఎముక దాకా దిగిందట, ఆ వేలు పూర్తిగా చాచుకునేది కాదు. కాలి గోళ్ళు బురదకు పాడై పసుపుపచ్చగా, కొమ్ములాగా గట్టిపడి ఉండేవి. నెయిల్ కట్టర్ పనికొచ్చేది కాదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కత్తెరతో కొంచెం కొంచెంగా తీసేదాన్ని. "ఇప్పుడు ఎవడు చూడొచ్చాడమ్మా" అనేవాడు. తాత తరంలో పేట మనుషుల ఒంటికి పనిలో తప్ప విలువ ఎక్కడుంది? తాకకూడదు, గుమ్మం ఎక్కకూడదు, దూడకు పెట్టినపాటి తిండి కూడా లెక్కపెట్టి పెట్టేవాళ్ళు. అలాంటివాళ్ళకి ఎవరో వచ్చి, మీ ఆత్మ చాలా విలువైనది అని మాత్రమే చెప్పి ఉంటే, మా ముత్తాతలు సరేలే అని పనిలోకి వెళ్ళిపోయేవాళ్ళని నా అనుమానం. చెప్పింది అదొక్కటే కాదు. దేవుడి కొడుకు ఒంటితో వచ్చాడు, ఆ ఒంటిని కొట్టారు, మేకులు దిగ్గొట్టారు, దేవుడు ఆ ఒంటినే లేపాడు, మీ ఒంటినీ లేపుతాడు అన్నారు.

మా వైపు ఈ మాట తెచ్చినవాళ్ళు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు. గోదావరి డెల్టా మిషన్ అని పేరు వచ్చింది దానికి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే మా మడికి కాలువ నీళ్ళూ, మా పేటకు సువార్తా ఇంచుమించు ఒకే తరంలో వచ్చాయి. అందుకేనేమో మా పెద్దవాళ్ళకు ఈ రెండూ విడదీసి మాట్లాడటం రాదు. బాప్తిస్మం కూడా కాలువలోనే. అయ్యగారు, అంటే పాస్టర్‌గారు, తలదాకా ముంచితే అది పాతిపెట్టడం, పైకి లేపితే అది పునరుత్థానం. ఎండాకాలంలో కాలువలు కట్టేసేలోగా బాప్తిస్మాలు అయిపోవాలని పెద్దలు టెన్షన్ పడేవాళ్ళు.

తాత పోయింది 2022 జూలైలో. భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది ఆ నెలలోనే. లంకలన్నీ మునిగాయి. మా ఊరు మునగలేదు గానీ వానలకు నేలంతా నానిపోయి ఉంది. సమాధుల దొడ్డి అసలే బాడవ. నడుము లోతు తవ్వేసరికి నాలుగు వైపుల నుంచీ ఊట. బకెట్లతో తోడుతుంటే అంతకంత ఊరుతోంది. చివరికి బాబాయి ఆయిల్ ఇంజన్ తెచ్చి పెట్టాడు. ఇంజన్ చప్పుడులో అయ్యగారు వాక్యం చదువుతున్నారు, సగం వినబడదు. గట్టిగా వినబడిన ముక్క ఇది: "ఘనహీనమైనదిగా విత్తబడి మహిమగలదిగా లేపబడును." పెట్టె దించాక కింద మళ్ళీ నీళ్ళు చేరాయి. తేలకుండా రెండు ఇసుక బస్తాలు పెట్టారు. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది. బతికినన్నాళ్ళూ బురదలోనే ఉన్నాడు, చచ్చాక కూడా ఇదేనా అని ఏడుపు ఆగలేదు. మా నాన్న కూడా అదే అన్నాడు, "నీళ్ళలో పెడుతున్నామే అమ్మా" అని.

మామ్మ కళ్ళు తుడుచుకుంటూనే విసుక్కుంది. "ఉంటే ఉన్నాయిలేరా. విత్తనం నానొద్దా?"

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. తర్వాత నెమ్మదిగా అర్థమైంది. మండె కట్టడం చూడనివాళ్ళ కోసం చెప్తాను. నారు పోయడానికి ముందు వడ్లను ఒక రోజు నీళ్ళలో నానబెడతారు. తర్వాత గోనెసంచిలోకి ఎత్తి, మూతి కట్టి, తడి గడ్డి కప్పి, పైన బరువు పెడతారు. మర్నాడు ఆ సంచిలో చెయ్యి పెడితే లోపల జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులాగా వేడిగా ఉంటుంది. పులిసిన వాసన. తెలియనివాళ్ళు కుళ్ళిపోయాయనే అనుకుంటారు. పిడికెడు తీసి చూస్తే ప్రతి గింజకీ ముక్కు పగిలి తెల్లటి మొలక కనబడుతుంది. పౌలు వాడింది అచ్చంగా ఈ పోలికే. విత్తింది చస్తేనే గాని బతకదు కదా, నువ్వు విత్తేది వట్టి గింజనే, రాబోయే ఒంటిని కాదు అంటాడు. గింజకీ పైరుకీ పోలిక ఉండదు, అలాగని అది వేరే మొక్కా కాదు. మామ్మ చదవలేదు. వినీ వినీ ఆ అధ్యాయం ఆవిడకి నోటికి వచ్చు, నారుమడి చేతికి వచ్చు. రెండూ కలిపి ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ రోజు నుంచీ నా మనసులో ఒక ఆలోచన తిరుగుతూ ఉంటుంది. లేచిన యేసు ఒంటి మీద మేకుల గాయాలు పోలేదు. నమ్మనన్న శిష్యుడు తోమాకు వాటినే చూపించాడు. చావును గెలిచినవాడికి ఆ గాయాలు మాన్పుకోవడం ఎంతసేపు? అయినా ఉంచుకున్నాడు. మరి తాత చిటికెన వేలి మీది గాటు ఉంటుందా? ఉంటుందనే నాకు అనిపిస్తుంది, వేలు మాత్రం చాచుకుంటుంది. ఇది సిద్ధాంతం కాదు, నా సొంత ఆశ. తప్పయితే తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇప్పుడు ఏడుపు సంగతి. మీ ప్రశ్న కంటే ముందే ఆ ప్రశ్న మావాళ్ళే నన్ను అడిగారు. తాత పోయాక ఇంట్లోవాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు వేరే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వాక్యం చెప్తూ చెప్తూ మా నాన్నను చూసి, "విశ్వాసులు ఏడవకూడదు, ఏడిస్తే నిరీక్షణ లేనట్టే" అన్నాడు. నిరీక్షణ అంటే మా మాటల్లో ఆశ. నాన్న అందరి ముందూ కళ్ళు తుడుచుకుని తల దించుకున్నాడు. నాకు ఇప్పటికీ మండుతుంది. పౌలు థెస్సలొనీకయవాళ్ళకు రాసింది నిరీక్షణ లేనివాళ్ళలాగా దుఃఖపడొద్దని. దుఃఖమే వద్దని కాదు. ఆ మధ్యలో మాటను మింగేసి చెప్తే ఎలా? ఇంకో నాలుగు నిమిషాల్లో లాజరు బయటికి నడిచి వస్తాడని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బైబిల్‌లో బాగా చిన్న వచనాల్లో ఒకటి అది: "యేసు కన్నీళ్లు విడిచెను." చావు మంచిదైతే దాన్ని గెలవాల్సిన అవసరమే లేదు. అది శత్రువు కాబట్టే ఏడుస్తాం. కడపటి శత్రువు అనే పౌలు దానికి పేరు పెట్టాడు. లేస్తారన్న నమ్మకం ఉంటే బెంగ ఉండదా? దుబాయ్ వెళ్ళిన కొడుకు రెండేళ్ళకు వస్తాడని ఖాయంగా తెలిసినా తల్లి బస్టాండులో ఏడవదా?

మా ఊళ్ళో వేరే ఇళ్ళల్లో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మా పేటలో పెట్టె వెనకాల అందరికంటే ముందు నడిచేది ఆడవాళ్ళే. ఎందుకని చిన్నప్పుడు అడిగితే మామ్మ, "ఆయన లేచాడని ముందు చూసింది ఎవరే? మగాళ్ళు తలుపులేసుకుని కూచున్నారు" అంది. ఆ కాలంలో ఆడవాళ్ళ సాక్ష్యానికి పెద్దగా విలువ లేదు. కథ కల్పించేవాళ్ళైతే మగ్దలేనే మరియను మొదటి సాక్షిగా పెట్టుకోరు. నాకు సందేహాలు వచ్చిన రోజుల్లో నన్ను కాస్త నిలబెట్టిన సంగతుల్లో ఇదొకటి. సందేహాలు రాలేదని అబద్ధం ఆడను, ఇప్పటికీ వస్తాయి.

ఈస్టర్‌కు స్థిరమైన తారీఖు ఉండదు, మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావొచ్చు. ఏప్రిల్‌లో వస్తే మాకు దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళ. యూదులకు కూడా పస్కా పండుగ యవల కోత మొదలయ్యే రోజుల్లోనే వచ్చేది. తొలి పన, అంటే మొదట కోసిన వెన్నుల కట్ట, దేవుడి ముందు అల్లాడించేవాళ్ళు. పౌలు క్రీస్తును "ప్రథమఫలము" అనడం వెనక ఉన్నది ఆ తొలి పన సంగతే. తొలి పన ఒడ్డుకు వచ్చిందంటే చేను పండినట్టే, మిగతాది కోతకు రావడమే తరువాయి. ఈ మధ్య మా చుట్టుపక్కల మడులు చాలావరకు చేపల చెరువులైపోయాయి. ఈ పోలిక మా పిల్లలకు చెప్తే రేపు అర్థమవుతుందో లేదో.

ఈస్టర్‌కు ముందు రోజు, శనివారం, అందరం సమాధుల దొడ్డికి పోయి పిచ్చి మొక్కలు పీకి, సున్నం వేస్తాం. ఆదివారం నాలుగింటికల్లా చీకట్లోనే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని వెళ్తాం. ఒకరు "యేసు లేచెను" అంటే తక్కినవాళ్ళు "నిజముగా లేచెను" అంటారు. పాటలు పాడుతుండగా తూరుపు తెల్లవారుతుంది. తర్వాత గుడి, ఆరాధన, ఇంటికొచ్చి కోడికూర.

మొన్నటి ఈస్టర్ ముందు శనివారం కూడా వెళ్ళాం. తాత సమాధి ఒక పక్కకు కొంచెం కుంగింది, ఊట నేల కదా. తమ్ముడు సున్నం బకెట్ పట్టుకుని పైనా పక్కలా ధారగా పోసేస్తున్నాడు. మామ్మ గట్టు మీద కూచుని కేకేసింది: "ఒరేయ్, ఆ ఎడమ పక్క ఒలకబోయకురా. అది నా చోటు."