ముందు ఓపీటీకి అప్లై చేసేయండి

అమెరికాలో ఎంఎస్ అయిపోతోంది, లోన్ ఇంకా ఉంది, ఉండాలా ఇంటికి వెళ్లిపోవాలా తేల్చుకోలేకపోతున్నాను అన్నారు కదా. ముందు ఓపీటీకి, అంటే చదువు అయ్యాక అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతికి, అప్లై చేసేయండి. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల వరకే గడువు. అది దాటితే నిర్ణయం మీ చేతిలో ఉండదు. అప్లై చేసినంత మాత్రాన ఉండిపోవాలని లేదు, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. కాకపోతే ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు.

నేనూ ఇదే టెన్షన్‌తో సూట్‌కేసు సర్దడం, మళ్లీ విప్పడం, ఎన్ని రాత్రులో! చివరికి లోన్ తీరే నెలను క్యాలెండర్‌లో రాసుకుని, అప్పటిదాకా ఉంటానని ఇంట్లో చెప్పాను. ఆ రోజు నిద్ర పట్టింది. అమ్మానాన్నల ఆరోగ్యం బాగోకపోతే మాత్రం లోన్ లెక్క పక్కన పెట్టి వెళ్లండి. మీకు ఎంత బాకీ మిగిలిందో చెప్పండి, కలిసి చూద్దాం.