ఇంజిన్ స్టార్ట్ చేయగానే పడవలో ఫిష్ ఫైండర్ (నీటిలో చేపల జాడ చూపే పరికరం) ఎందుకు ఆగిపోతుంది?

స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు లాగే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల బ్యాటరీ 10 కిందికి పడిపోవచ్చు, అందుకే ఆగిపోతుంది. చాలా ఫిష్ ఫైండర్ సెట్లు సుమారు 10 వోల్టులు లేకపోతే నిలబడవు. సన్నని వైరు మరో తలనొప్పి: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 6 మీటర్ల దూరం వెళ్తే రానూపోనూ 12 మీటర్లు, 5 ఆంపియర్లకు దాదాపు 0.45 వోల్టు దారిలోనే పోతుంది. ఉప్పుగాలికి చిలుము పట్టిన టెర్మినల్ ఉంటే ఇంకా ఎక్కువ. ఎలక్ట్రానిక్స్‌కు వేరే బ్యాటరీ పెట్టి, దాని పాజిటివ్ దగ్గరే ఫ్యూజు వేసి, రెండు వైర్లూ మెలిపెట్టి నేరుగా లాగండి.

వైరుకు ఫెర్రైట్ (రేడియో గరగరను అణిచే చిన్న రింగు) బిగిస్తే చాలనుకుంటారు. అది ఎల్‌ఈడీ లైట్ల వల్ల వీహెచ్‌ఎఫ్ రేడియోలో వచ్చే గరగరను తగ్గించగలదు గానీ, పడిపోయిన వోల్టేజీని లేపదు. ఇంజిన్ ఆపి 12.6 వోల్టులు చూసి బ్యాటరీ బాగుందనుకోవడమూ పొరపాటే. స్టార్ట్ చేస్తుండగా సెట్ దగ్గర కొలవాలి.