కెడిల్‌స్టన్ హాల్: పార్క్ తెరిచి ఉంది, ఇల్లు మూసి ఉంది, ఎందుకని?

కెడిల్‌స్టన్ హాల్ అంటే ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర, పార్క్ మధ్యలో ఉన్న పెద్ద పాత భవనం. ‘ఈరోజు తెరిచి ఉంది’ అని చూసి వెళ్తే ఇల్లు మూసి ఉందేమిటని అడిగారు కదా, ఆ మాట పార్క్‌కి సంబంధించింది, ఇంటికి కాదు. డెర్బీ దాకా వెళ్లి తలుపు బయట నుంచే తిరిగొచ్చామన్నారు కదా, కారణం ఇదే. నేషనల్ ట్రస్ట్ (ఇలాంటి పాత కట్టడాలను చూసుకునే బ్రిటిష్ సంస్థ) ఇళ్లలో చాలాచోట్ల ఇంతే: పార్క్, తోట, కెఫే, ఇల్లు, దేని టైమింగ్స్ దానివే.

వచ్చే నెల అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు:

1. నేషనల్ ట్రస్ట్ సైట్‌లో కెడిల్‌స్టన్ టైమింగ్స్ పేజీలో మీరు వెళ్లే తేదీ ఎంచుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ తేదీ కింద ‘హాల్’ (అంటే ఇల్లు) అని విడిగా ఉండే వరుస చదవండి. పైన పెద్దక్షరాల్లో ఉన్నది నమ్మకండి. హాల్‌కి చివరి ప్రవేశం ఎన్నింటికో కూడా అక్కడే చూసుకోండి, మూసే టైముకి ముందే లోపలికి పంపడం ఆపేస్తారు.

3. ముఖ్యమైన గదులు పై అంతస్తులో ఉంటాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి, మెట్లు ఎక్కకుండా వెళ్లే దారి ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

లోపల 20 అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తని రాయి) స్తంభాల పెద్ద గది సరే, కింది అంతస్తులోని ఈస్టర్న్ మ్యూజియం మాత్రం వదలకండి. వైస్రాయ్ కర్జన్ మన దేశం నుంచీ ఆసియా నుంచీ తెచ్చుకున్న వస్తువులవి. 1903 ఢిల్లీ దర్బార్‌కి ఆయన భార్య వేసుకున్న నెమలి గౌను జరీపని మనవాళ్లదే. అందులో మెరిసేవి పచ్చలు కావు, పురుగుల రెక్కలు! గౌను ప్రదర్శనలో ఉందో లేదో ఆ ఫోన్‌లోనే అడిగేయండి.