మెటాక్రిటిక్‌లో 82, పిచ్‌ఫోర్క్‌లో 6.8: ఇండీ రాక్ ఆల్బమ్‌కు ఏ మార్కు నమ్మాలె?

రెండూ తప్పు కాదు, కొలతలే వేరు. మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ సొంతంగా రివ్యూ రాయదు. పత్రికల మార్కులన్నీ వందకు మార్చి, కొన్నింటికి ఎక్కువ బరువిచ్చి సగటు తీస్తది. తిరకాసు ఈ మార్పిడిలోనే ఉంది. బ్రిటన్ పత్రిక గార్డియన్ ఐదుకు 4 స్టార్లు ఇస్తే 80 అయితది, 3 ఇస్తే ఏకంగా 60కి పడుతది; నడుమ మెట్టు లేదు. రివ్యూ రాసేటాయన "పర్వాలేదు, బాగానే ఉంది" అనుకున్నా 4 వేస్తడు. అట్ల నాలుగైదు పత్రికలు కలిస్తే 80 దగ్గర తేలుతది. సంగీత రివ్యూలు రాసే వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి దశాంశాల్లో ఇస్తది కాబట్టి అదే అభిప్రాయం అక్కడ 6.8 గానో 7.2 గానో కనిపిస్తది.

సగటు కింద ఎన్ని రివ్యూలున్నయో ముందు చూడండి. నాలుగుంటే చాలు మెటాక్రిటిక్ మార్కు వేసేస్తది. చిన్న బ్యాండ్లకు ఒక్క కోపిష్టి రివ్యూతో అంకె దభాలున పడుతది. తర్వాత అన్నిటికన్నా తక్కువ మార్కిచ్చిన రివ్యూ మొత్తం చదవండి. "గిటార్ మోత ఎక్కువ, గొంతు వినపడదు" అని తిడితే, షూగేజ్ (గిటార్ మోతలో గొంతు మునిగిపోయే రాక్) ఇష్టపడేవాళ్లకు అదే సిఫారసు.

మొదటి వారం తీర్పు మారుతది కూడా. అమెరికా రాక్ బ్యాండ్ వీజర్ ఆల్బమ్ 'పింకర్టన్'కు 1996లో పిచ్‌ఫోర్క్ 7.5 ఇచ్చింది, 2010లో అది మళ్లీ విడుదలైతే 10 ఇచ్చింది. నల్గొండ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే నలభై నిమిషాల ఆల్బమ్ రెండుసార్లు వినొచ్చు; రెండోసారి విన్నాకే రివ్యూ తెరవండి.