బాగుచేయించిన అంబాసిడర్ ఇంజిన్ నాలుగేళ్లుగా కదల్లేదు: ముందు ఏం చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో, షెడ్డులో నాలుగు వర్షాకాలాలు చూసిన పెట్రోల్ ఇంజిన్‌కి నేరుగా సెల్ఫ్ కొట్టకండి. రీబోరింగ్ (సిలిండర్లను లోపల చెక్కి సాపు చేయడం) అప్పుడు బేరింగులకు రాసిన ఆయిల్ ఈపాటికి జారిపోయి ఉంటుంది. తేమకు పిస్టన్ రింగులు బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) పట్టేసి ఉండొచ్చు.

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్లో 10 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు స్టార్టింగ్ హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. బిగుసుకుంటే బలవంతం వద్దు, రింగు విరుగుతుంది. మళ్లీ ఆయిల్ పోసి ఆగడమే. వాల్వులన్నీ కదులుతున్నాయో లేదో రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) తీసి చూడండి.

ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయండి. ప్లగ్గులు పెట్టకుండానే, కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ లైటు (ఆయిల్ ప్రెషర్ తక్కువైతే వెలిగేది) ఆరేదాకా సెల్ఫ్ తిప్పండి: ఒక్కోసారి 10 సెకన్లు, మధ్యలో నిమిషం విరామం. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే బేరింగులు పోగొట్టుకుంటారు.

ట్యాంకులో పాత పెట్రోలు పూర్తిగా దించేయండి. ఇథనాల్ కలిసింది నీటిని లాగి తుప్పు పట్టిస్తుంది. కార్బురేటర్ జెట్లు కడగండి, రేడియేటర్ నింపండి. కొత్త పెట్రోలు పోసి, ప్లగ్గులు, కాయిల్ వైరు మళ్లీ పెట్టి స్టార్ట్ చేయండి.

క్యామ్, ట్యాపెట్లు (వాల్వులను తెరిపించే భాగాలు) కొత్తవైతే, అంటుకోగానే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) వదలకుండా 2000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడపండి. నెమ్మదిగా తిరిగితే క్యామ్‌కి ఆయిల్ సరిగా చిమ్మదు. వేడి పెరిగినా, ఆయిల్ లైటు వెలిగినా వెంటనే ఆపేయండి.