పాత పాటల స్టేషన్ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన నాలుగు పేజీలూ అందాయి. మన ఊరి రేడియో స్టేషన్ చరిత్ర రాస్తానని నువ్వు ఫోన్‌లో అన్నప్పుడు ఏదో సరదాకి అన్నావనుకున్నాను. పేజీలు చదివాక నాకు టెన్షన్ మొదలైంది. మొదటి రెండు పేజీల్లో ఉన్నవన్నీ నేను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పిన కబుర్లే. వాటిని నువ్వు నిజమని నమ్మేశావు.

అందులో ఒకటి చూడు. ఘంటసాల గారు పోయిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాననీ, ముందు అనుకున్న పాటలన్నీ పక్కన పెట్టి ఆయన రికార్డులే వరసగా వేశాననీ, మధ్యలో గొంతు పూడుకుపోయి అనౌన్స్‌మెంట్ ఆగిపోయిందనీ రాశావు. ఆ ముక్క నేను ఏళ్ళ తరబడి చెబుతున్నదే. మొన్న నీకోసమని అటక మీద పెట్టె దింపితే పాత డైరీలు బయటపడ్డాయి. 1974 ఫిబ్రవరి 11, సోమవారం. నా చేత్తో నేనే రాసుకున్నాను: సెలవు. మేనత్త గారి ఊళ్ళో పెళ్ళి. ఆ వార్త నేను విడిదింట్లో, ఎవరిదో ట్రాన్సిస్టర్‌లో విన్నాను. గొంతు పూడుకుపోయింది నా తోటి అనౌన్సర్‌కి. ఆయన చెప్పగా చెప్పగా విని, ఎప్పుడో తెలియకుండానే ఆ కథలోకి నేను దూరిపోయాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదమ్మా. నాకు నిజంగానే అలా గుర్తుంది.

అందుకే, "ముందు ఎవరిని కలవాలి బాబాయ్?" అన్న నీ ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడే ఎవరినీ కలవకు. ముందు కాగితాలు చూడు. కాగితం చూసి మనిషి దగ్గరికి వెళ్ళు, మనిషి చెప్పింది విని మళ్ళీ కాగితం దగ్గరికి రా.

ఏ కాగితాలంటావా? స్టేషన్‌లో మూడు రకాలుంటాయి. పాటల కార్యక్రమానికి ముందు తయారుచేసేది క్యూ షీట్. ఏ పాట, ఎవరు పాడారు, రికార్డు నంబరెంత, ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో ఉంటాయి. డ్యూటీ రూమ్‌లో ఉండేది లాగ్ బుక్. నిజంగా ఏ నిమిషానికి ఏం ప్రసారమైంది, కరెంటు ఎప్పుడు పోయింది, సూది ఎక్కడ ఇరుక్కుంది, అది చెబుతుంది. ఒకే రోజు క్యూ షీటూ లాగ్ బుక్కూ దొరికితే పక్కపక్కన పెట్టి చదువు. అనుకున్న దానికీ అయిన దానికీ మధ్య తేడాలోనే ఆ రోజు కథంతా ఉంటుంది. మూడోది గ్రామఫోన్ లైబ్రరీ రిజిస్టరు. ఏ రికార్డు ఏ తేదీన కొన్నారో వరసగా రాసి ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో నీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఎందుకో చెబుతాను.

నీ రెండో పేజీలో "మన పాత పాటల స్టేషన్ ప్రారంభమైన నాటి నుంచి" అని రాశావు. పాత పాటల స్టేషన్ అని ఎవరూ ప్రారంభించలేదమ్మా. నేను చేరిన కొత్తలో మేము వేసినవన్నీ కొత్త పాటలే. సినిమా విడుదల కాకముందే రికార్డు వచ్చేది, అట్ట విప్పీ విప్పకముందే స్టూడియోకి చేరేది. అవే రికార్డులు, అవే బీరువాలు, ఇంచుమించు అదే గొంతు. ఏళ్ళు గడిచాక చూస్తే కార్యక్రమం పేరులోకి "పాత" అన్న మాట వచ్చి కూర్చుంది. కొత్త పాటల స్టేషనే మెల్లగా పాతదైంది. అది ఏ ఏడాది, ఎందుకు జరిగింది అన్నదే నువ్వు రాయాల్సిన చరిత్ర. ప్రారంభోత్సవానికి ఎవరొచ్చారు, ట్రాన్స్‌మిటర్ ఎన్ని కిలోవాట్లు అన్నవి ఒక పేరాలో సర్దెయ్.

రిజిస్టరు పనికొచ్చేది ఇక్కడే. ఏడాదికి ఎన్ని రికార్డులు కొన్నారో లెక్కకట్టు. ఎక్కడో ఒకచోట కొనుగోళ్ళు పలచబడటం కనిపిస్తుంది. నా ఊహ అది ఎనభైల్లో, ఇంటింటికీ క్యాసెట్లు వచ్చిన రోజుల్లో. కొత్త పాట కోసం రేడియో దగ్గర కాచుకునే పని జనానికి తప్పిపోయింది. 2001 నుంచి ప్రైవేట్ ఎఫ్.ఎం.లు వచ్చి మిగిలిన కొత్త పాటలనూ పట్టుకుపోయాయి. మనకు మిగిలింది బీరువాల్లోని సరుకూ, దాంతోపాటు వయసు మళ్ళిన శ్రోతలూ. ఇది నా ఊహ మాత్రమే సుమా. రిజిస్టరు వేరేగా చెబితే రిజిస్టరు మాటే రాయి.

మొదలుపెట్టడం కూడా మన స్టేషన్‌తో మొదలుపెట్టకు. స్టేషన్ రాకముందే ఊరికి చెవులున్నాయి కదా. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైంది, తెలుగు కార్యక్రమాలు అక్కణ్ణించే వచ్చేవి. 1948 డిసెంబర్ 1న విజయవాడ వచ్చింది. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో ఉండేది, 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో కలిసింది. మన ఊళ్ళో ఎవరింట్లో మొదట రేడియో కొన్నారో, ఆ వీధి అరుగుల మీద జనం చేరి ఏం విన్నారో అడుగు. పాత ఇళ్ళ ట్రంకుపెట్టెల్లో రేడియో లైసెన్సు పుస్తకం దొరుకుతుందేమో చూడు. ఆ రోజుల్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. దాని మీద తేదీతో ముద్ర ఉంటుంది. ఫలానా ఇంటికి ఫలానా ఏడాది రేడియో వచ్చిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, రేడియో సంగతి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది సరిపోదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతమంటే ఆయనకు ప్రాణం, సినిమా పాటంటే చిన్నచూపు. ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు కుదించారు, పైగా నిర్మాతలతో పేచీ వచ్చింది. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. హిందీకి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా ఉంటే, మన తెలుగువాళ్ళకు సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండేది. ఆ శ్రోతలను వెనక్కి తెచ్చుకోవడానికే 1957 అక్టోబర్ 3న ఆకాశవాణిలో పాటల కోసం వివిధ భారతి పుట్టింది. పదేళ్ళకు, 1967లో, ప్రకటనలు కూడా మొదలయ్యాయి. అయితే కేస్కర్‌ను ఒట్టి విలన్‌ని చేయకు. సినిమా పాట తగ్గిన చోట మన కేంద్రాల్లో లలిత గీతం పెరిగింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారిలాంటి వాళ్ళకు అంత చోటు దొరకడంలో ఆ కుదింపు వాటా కూడా ఉందని నేననుకుంటాను. దీని మీద మీ తాతయ్యకూ నాకూ రెండేళ్ళు వాదన నడిచింది, తేలలేదు.

ఇప్పుడు చేదు మాట. లాగ్ బుక్కులు నీకు దొరక్కపోవచ్చు. గడువు తీరిన కాగితాలు తీసేయడం ఏ ఆఫీసులోనైనా మామూలే. దొరక్కపోతే కూలబడకు. దినపత్రికల్లో రోజూ రేడియో కార్యక్రమాలు వేసేవారు, లైబ్రరీలో పాత బౌండు పుస్తకాలు తిరగెయ్. ఆకాశవాణి వాళ్ళు తెలుగులో "వాణి" అనే పత్రిక వేసేవారు, అందులో కార్యక్రమాల వివరాలు ముందుగానే వచ్చేవి. ఇంగ్లీషులో "ది ఇండియన్ లిజనర్" 1935 చివరి నుంచే ఉంది. ఒక్కటి మరిచిపోకు. వీటిల్లో ఉన్నది వేస్తామని అనుకున్నదే, వేసింది కాదు. స్టేషన్‌కి ముందు మామూలుగా వెళ్ళు, కూర్చో, మాట్లాడు. అక్కడ ఇప్పుడున్న పిల్లలు మంచివాళ్ళే, పాత బీరువా తాళం ఎక్కడుందో వాళ్ళకూ తెలియదు, అంతే. మరీ కుదరకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అన్నీ ఇమ్మని అడిగితే ఏమీ రాదు. ఫలానా రిజిస్టరు, ఫలానా ఏడాది అని అడుగు.

రికార్డులు చేతికి దొరికితే ముందు ఫోటో తియ్. లక్క రికార్డు జారిపడితే పగిలిపోతుంది. లేబుల్ మీద ఉన్న నంబరు రాసుకో. లేబుల్ చుట్టూ నున్నగా ఉన్నచోట చెక్కినట్టు ఇంకో నంబరు ఉంటుంది, అదీ రాసుకో. చాలా లేబుళ్ళ మీద ఏడాది ఉండదు. ఏడాది కోసం సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు వెతుకు. ఆ సన్న పుస్తకాలు దాచుకున్న పిచ్చివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరైనా ఉంటారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒకవైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది కాబట్టి రికార్డులో పాట సినిమాలో పాటంత ఉండకపోవచ్చు. "రేడియోలో వేరే చరణం వచ్చేది" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకు.

టేపుల విషయం రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. అప్పట్లో టేపులు కరువు. ప్రసారమయ్యాక చెరిపి మళ్ళీ వాడుకోవడమే పద్ధతి. ఒకసారి అలా చెరిపిన వాటిలో ఒక జముకుల కథ, అంటే జముకు వాయిస్తూ పాడి చెప్పే పల్లె కథ, ఉంది. నేనే మిషన్ మీద పెట్టాను, నేనే చెరిపాను. ఆ కథ చెప్పినావిడ మరుసటి ఏడు పోయింది. ఇంకెక్కడా ఆమె గొంతు లేదు. అందుకని, ఎవరింట్లోనైనా స్పూల్ టేపు కనిపిస్తే ఆత్రంగా ఏదో ఒక మిషన్ మీద వేసి వినకు. వెనిగర్ వాసన వస్తోందా, చుట్లు అంటుకుపోయాయా చూడు. అలా ఉంటే ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వు. బాగా ఉన్నా సరే, మొదటిసారి వినడమూ కంప్యూటర్లోకి ఎక్కించడమూ ఒకేసారి జరగాలి. రెండోసారికి అది ఉంటుందో ఊడుతుందో చెప్పలేం.

శ్రోతల ఉత్తరాలు మాత్రం స్టేషన్‌లో వెతకొద్దు, అక్కడ దొరకవు. "మీరు కోరిన పాటలు" కార్యక్రమానికి కార్డులు సంచులకొద్దీ వచ్చేవి. ఒక్కో కార్డు మీద ఇంటిల్లిపాదీ పేర్లు, ఇంకా పుట్టని పిల్లవాడికి పెట్టాలనుకున్న పేరుతో సహా. ఝుమ్రీ తలయ్యాలాంటి ఊళ్ళు ఉత్తరాల వల్లే దేశమంతా తెలిశాయి. మనకూ చుట్టుపక్కల అలాంటి పల్లెలు నాలుగైదు ఉండేవి. పేరు చదవగానే స్టూడియోలో నవ్వుకునేవాళ్ళం. ఆ పల్లెలకు వెళ్ళు. పేరు రేడియోలో వచ్చిన తేదీని గోడ మీద, పంచాంగం మీద రాసుకున్నవాళ్ళున్నారు. ఎక్కడో రెండు జిల్లాల అవతలి నుంచి కార్డు వచ్చిందంటే ఆశ్చర్యపోకు. మీడియం వేవ్ పగటికన్నా రాత్రి చాలా దూరం పోతుంది, పైన ఆకాశంలో తగిలి వెనక్కి వస్తుంది. వాళ్ళు విన్నది రాత్రి ప్రసారమన్నమాట.

మనుషుల్ని కలిసేటప్పుడు డైరెక్టర్లతో మొదలుపెట్టకు. వాళ్ళు బదిలీల మీద వచ్చిపోయినవాళ్ళు. లైబ్రరీలో దుమ్ము తుడిచినాయన, ట్రాన్స్‌మిటర్ దగ్గర రాత్రుళ్ళు కాపలా కాసినాయన, రోజు లెక్కన డబ్బిచ్చి పిలిచిన క్యాజువల్ అనౌన్సర్లు, అందులో ఆడవాళ్ళు చాలామంది, వీళ్ళు ఎక్కడికీ పోలేదు. "ఆ రోజులు ఎలా ఉండేవండీ?" అని అడిగావో, "బంగారం లాంటి రోజులు" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. ఒక క్యూ షీటు చేతిలో పెట్టు. "ఈ మూడో పాట కొట్టేసి పైన వేరేది రాశారే, ఎందుకు?" అని అడుగు. అరగంట మాట్లాడతారు. తప్పు చెబుతున్నారని తెలిసినా మధ్యలో అడ్డుపడకు. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు, పేరు వేయొచ్చో లేదో అడుగు.

పాటలు కూడా జతచేస్తానన్నావు. జాగ్రత్త. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1964లో వచ్చిన రికార్డు హక్కు 2024తో తీరింది. కానీ రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు వేరు. వాళ్ళు పోయాక 60 ఏళ్ళదాకా ఉంటాయి. లేబుల్ ఫోటోలు వేసి పాట పేరు రాస్తే చాలు, చదివేవాళ్ళకు తలలో అదే మోగుతుంది.

సంక్రాంతికి ముందే ఒకసారి రా. పెట్టెలో నా దగ్గర కార్బన్ కాపీ క్యూ షీట్లు ఓ కట్ట ఉన్నాయి, నువ్వే తీసుకెళ్ళు. ఆ డైరీ పేజీకి ఫోటో తీసి, తప్పు నాదేనని రాసి వెయ్. మీ పిన్నికి మాత్రం చూపించకు. మా పెళ్ళి 1975లో. అప్పటినుంచీ ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది నేనేనని ఊరందరికీ చెబుతోంది.

ఇట్లు,
మీ బాబాయి